మీ ప్రశ్నలు – మా జవాబులు: చిన్న వ్యాపారానికి సొంత వెబ్‌సైట్

ఇంట్లో తయారైన సరుకును ఊరు దాటించి అమ్ముకోవడానికి వెబ్‌సైట్ పెట్టుకునే విషయంలో సందేహాలుంటే రాయమని అడిగినప్పుడు, నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచే ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. వాటిలో నాలుగింటికి ఈసారి జవాబు ఇస్తున్నాను. కొందరు తమ పేర్లు వద్దన్నారు కనుక అందరివీ ఊళ్ల పేర్లతోనే ప్రచురిస్తున్నాము.

ప్రశ్న: మా అత్తగారింట్లో మూడు తరాలుగా చెక్క గరిటెలు, స్పూన్లు, ఫోర్కులు చేస్తున్నారు. ఇంతకాలం ఎగ్జిబిషన్లలోనూ, టోకు వ్యాపారులకూ అమ్మాము. రెండేళ్లుగా నేను ఫోటోలు తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెడుతుంటే హైదరాబాదు, బెంగళూరు నుంచి నెలకు పాతిక దాకా ఆర్డర్లు వస్తున్నాయి. నెల్లూరులో ఒకరు పన్నెండు పేజీల వెబ్‌సైట్‌కు 35,000 రూపాయలు అడుగుతున్నారు. మా మరిది అంత అవసరం లేదు, తానే చేస్తానంటున్నాడు. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక గృహిణి, ఉదయగిరి

జవాబు: అమ్మా, ముందుగా ఒక పది రోజులు ఎవరికీ రూపాయి ఇవ్వకండి. ఒక నోటుపుస్తకం తీసుకుని, గత రెండు నెలల్లో కొనుగోలుదారులు వాట్సాప్‌లో మిమ్మల్ని అడిగిన ప్రతి ప్రశ్ననూ, కొన్నవారివీ కొనకుండా వెళ్లిపోయినవారివీ కూడా, వారు అడిగిన మాటల్లోనే రాయండి. ఒకే ప్రశ్న మళ్లీ వస్తే పక్కన ఒక గీత పెట్టండి. ఇది ఏ చెక్క, ఎంత పొడవు, నాన్‌స్టిక్ బాణలిలో వాడవచ్చా, నీళ్లలో నానితే పగులుతుందా, రంగు దిగుతుందా, చెన్నైకి పోస్టేజీ ఎంత, ఎన్నాళ్లకు అందుతుంది, విరిగి వస్తే ఏం చేస్తారు: నా ఊహ తప్పకపోతే మీ పుస్తకంలో ఇవే గీతలతో నిండి ఉంటాయి. మీ వెబ్‌సైట్‌లో ఏముండాలో చెప్పేది ఆ పుస్తకమే కాని, డిజైనరు చూపించే నమూనాలు కావు. నాలుగు వందల రూపాయల గరిటెకు ముప్పై మెసేజీలు టైపు చేయవలసి వస్తున్నదంటే మీ లాభం అక్కడే కరిగిపోతున్నదన్నమాట. ఆ ముప్పై మెసేజీల పనిని సైటు తీసుకోగలిగితే దానికి పెట్టిన డబ్బు దక్కినట్టు.

ఈ లెక్కన మీకు పన్నెండు పేజీలు అక్కరలేదు. సరుకుల పేజీలు, ఎలా తయారవుతాయో, ఎలా వాడుకోవాలో చెప్పే ఒక పేజీ, డెలివరీకీ వాపసుకూ సంబంధించిన నియమాలు, మీ చిరునామా, ఫోను నంబరు ఉంటే సరిపోతుంది. తెరవగానే కదిలే బొమ్మలు, ఎంతమంది చూశారో చెప్పే అంకెల పలక, పెద్ద అక్షరాల ‘స్వాగతం’ వంటివి డిజైనరుకు ముచ్చటే కాని, గరిటె కొనడానికి వచ్చినావిడకు అడ్డం.

అసలు శ్రమ పెట్టవలసింది ఒక్కొక్క సరుకు పేజీ మీద. ఉదాహరణకు ఒక దోసె అట్లకాడనే తీసుకోండి. దాని పొడవు, వెడల్పు సెంటీమీటర్లలో రాసి, పక్కనే మనిషి చేతిలో పట్టుకున్న ఫోటో ఒకటి, పెనం మీద పెట్టిన ఫోటో ఒకటి ఇవ్వండి. ఎందుకంటే ముప్పై సెంటీమీటర్లంటే ఎంతో చదివినవారికి తట్టదు కాని, చేతిలో చూస్తే వెంటనే తెలిసిపోతుంది. చెక్కకు మీ ఇంట్లో పనివారు ఏ పేరు చెబుతారో అదే రాయండి. చేత్తో చేసినవి కనుక రెండు గరిటెల రంగూ ఈనెలూ ఒకేలా ఉండవని ధర పక్కనే చెప్పండి, కింద ఎక్కడో చిన్న అక్షరాల్లో కాదు. ఆ ఒక్క వాక్యం లేకపోవడం వల్లనే ‘ఫోటోలో ఉన్నది పంపలేదు’ అనే గొడవలు వస్తాయి. నీళ్లలో నానబెట్టవద్దని, కడిగి తుడిచి నీడలో ఆరనివ్వాలని, అప్పుడప్పుడు కొద్దిగా వంటనూనె రాయాలని కూడా అక్కడే ఉండాలి.

ఫోటోలకు స్టూడియో అవసరం లేదు. ఉదయం పూట ఎండ నేరుగా పడని వరండాలో, పూల డిజైను లేని తెల్లటి గుడ్డ మీద పెట్టి తీస్తే చెక్క రంగు ఉన్నదున్నట్టు వస్తుంది. అయితే ఈనాటి ఫోన్లలో ఒక్కో ఫోటో నాలుగైదు ఎంబీలు ఉంటుంది. దాన్ని అలాగే ఎక్కిస్తే పేజీ ఈడ్చుకుంటూ తెరుచుకుంటుంది. వెబ్‌పీ అనే తేలికైన ఫోటో రూపంలోకి మార్చి ఒక్కోదాన్ని 150 నుంచి 200 కేబీలకు కుదించండి, కంటికి తేడా తెలియదు. పేజీలోని ముఖ్యమైన భాగం రెండున్నర సెకండ్లలో కనిపించాలని గూగుల్ పెట్టుకున్న కొలత ఒకటుంది. మనకు అంతకంటె మంచి పరీక్ష ఉదయగిరి నుంచి ఆత్మకూరు వెళ్లే బస్సు. సిగ్నల్ ఒక గీత చూపిస్తున్నచోట మీ సైటు తెరిచి ఒక గరిటె కొని చూడండి. మీ మరిది ఇంట్లో వైఫై మీద కంప్యూటర్‌లో చూపిస్తే ఒప్పుకోకండి, మీ ఖాతాదారుల్లో ఎక్కువమంది చూసేది ఫోన్లలోనే.

పేర్ల విషయంలో ఒక చిన్న మాట. మన వైపు కొందరు గెంటె అంటారు, కొందరు గరిటె అంటారు, తెడ్డు అనేవారూ ఉన్నారు. బెంగళూరులో ఉన్న తెలుగావిడ ఈ మూడింటిలో ఏ మాటతో వెతుకుతుందో మనకు తెలియదు కనుక సరుకు పేరు ఒకటే అయినా వర్ణనలో మిగిలిన మాటలు కూడా సహజంగా వచ్చేలా రాయాలి, ఇంగ్లీషు పేరు సరేసరి. గూగుల్ సెర్చ్ కన్సోల్ అని ఉచితంగా దొరికేది ఒకటుంది, అందులో సైటును నమోదు చేసుకుంటే ఏ మాటలు వెతికినవారికి మీ పేజీ కనిపించిందో కొన్ని వారాలకు తెలుస్తుంది. ఉదయగిరి చెక్క సామానుకు, సరుకు ఫలానా ఊరిదని చట్టం ఇచ్చే భౌగోళిక గుర్తింపు (జీఐ) ఉన్న సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఊరి పేరు, మూడు తరాల కథ ధారాళంగా చెప్పుకోండి కాని, ఆ గుర్తింపు ముద్రను సైటు మీద వేసుకోవడానికి మాత్రం 1999 నాటి చట్టం ప్రకారం అధీకృత వినియోగదారుగా మీ పేరు నమోదై ఉండాలి.

ఇక ఎవరు చేయాలన్న ప్రశ్న. సైటు కట్టుకునే వర్డ్‌ప్రెస్ మీద అమ్మకాల పని చూసే వూకామర్స్ పెట్టుకుంటే ఆ రెండు సాఫ్ట్‌వేర్లూ ఉచితమే. సైటు ఉండే హోస్టింగ్‌కూ, సైటు చిరునామా అయిన డొమైన్ పేరుకూ ఏటా కట్టాలి, అప్‌డేట్లు వచ్చినప్పుడల్లా వేయాలి, బ్యాకప్ తీసి పెట్టాలి. షాపిఫై వంటిది నెల అద్దెకు దొరికే కొట్టు, మరమ్మతు బాధ మనది కాదు కాని అద్దె ఆగితే కొట్టు మూతపడుతుంది. మీ మరిదికి నెలకు ఒక పూట దీనికోసం కూర్చునే ఓపిక ఉంటే మొదటిది, ఉద్యోగమో పెళ్లో కుదిరి రేపు ఊరు విడిచి వెళ్లేవాడైతే రెండోది మేలని నా అభిప్రాయం. 35,000 అడిగినవారిది మోసమని నేను అనను. అందులో ఫోటోలు తీయడం, మీకు నేర్పడం కలిసి ఉన్నాయా, రెండో ఏడాది నుంచి ఎంత కట్టాలి, ధర మార్చాలంటే మీరే మార్చుకోగలరా అని అడిగి, ఆ జవాబులు కాగితం మీద తీసుకోండి.

ఒక చివరి విషయం పెట్టె గురించి. చాలా కొరియర్ కంపెనీలు పార్సిలు అసలు బరువు, కొలతల బరువు రెండూ చూసి ఎక్కువైనదానికి వసూలు చేస్తాయి. పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తే కొలతల బరువు వస్తుంది. నాలుగు వందల గ్రాముల గరిటెల సెట్టును చేతికి దొరికిన 30, 20, 15 కొలతల అట్టపెట్టెలో పెడితే 1.8 కిలోలకు కట్టాలి. అదే సెట్టు 30, 12, 5 కొలతల పెట్టెలో పడితే కొలతల బరువు 360 గ్రాములే కనుక మీ అసలు బరువుకే కడతారు. సైటులో పోస్టేజీ ధర నిర్ణయించే ముందు పెట్టెను నిర్ణయించుకోండి.

ప్రశ్న: మా చీరల సైటు ఒక కుర్రాడు చేసి ఇచ్చాడు. ఏడాది కావస్తున్నది. ఇప్పుడతను ఫోను ఎత్తడం లేదు. డొమైన్ గడువు వచ్చే నెలలో ముగుస్తుందని ఒక స్నేహితుడు చూసి చెప్పాడు. మేము ఏం చేయాలి?
– ఒక వస్త్ర వ్యాపారి, కావలి

జవాబు: అయ్యా, మీ ఉత్తరం చదువుతుంటే నా పాత గాయం ఒకటి గుర్తుకొచ్చింది. కొన్నేళ్ల క్రితం నేను ఒక చిన్న సంస్థ చేత సైటు చేయించుకున్నాను. వారు డొమైన్‌ను తమ ఈమెయిలుతో, తమ పేరు మీదనే కొన్నారు. గడువు ముగిసేముందు వచ్చిన హెచ్చరికలన్నీ వారు చూడడం మానేసిన ఈమెయిలుకే వెళ్లాయి. ఒక ఉదయం నా సైటు ఉండవలసిన చోట ఎవరివో ప్రకటనలు కనిపించాయి. విజిటింగ్ కార్డులు రెండు వేలు అచ్చు వేయించి ఉన్నాను, అవన్నీ ఆ పేరుతోనే.

డొమైన్ అంటే ఇంటి నంబరు, హోస్టింగ్ అంటే ఇల్లు. ఇల్లు పోతే ఇంకోచోట కట్టుకోవచ్చు. నంబరు పోతే ఖాతాదారులకు దారే పోతుంది. కాబట్టి మీరు ముందు చూడవలసింది అది ఎవరి పేరు మీద ఉన్నదనే. హూయిజ్ అనే వివరాల పేజీలో పేరును ఏ కంపెనీ దగ్గర కొన్నారో, గడువు తేదీ ఎప్పుడో తెలుస్తాయి. యజమాని వివరాలు చాలాసార్లు దాచి ఉంటాయి కనుక, మీరు డబ్బు పంపిన యూపీఐ రసీదు, వాట్సాప్ సంభాషణ, మీ వ్యాపారం రిజిస్ట్రేషన్ కాగితం పట్టుకుని ఆ కంపెనీ సహాయ కేంద్రానికే రాయండి. ఫలితం వస్తుందని హామీ లేదు కాని, గడువుకు ముందు రాస్తేనే విలువ. ఆ కుర్రాడిని వాళ్ల నాన్నగారి ద్వారానైనా పట్టుకోగలిగితే కోపతాపాలకు పోకుండా ఒక్కటే అడగండి: డొమైన్‌ను మీ ఈమెయిలుతో మీరు తెరిచిన ఖాతాలోకి మార్చమని. అదే కంపెనీలో ఇద్దరికీ ఖాతాలుంటే అది కొద్ది నిమిషాల పని. వేరే కంపెనీకి మార్చాలంటే ఆథరైజేషన్ కోడ్ అనే రహస్య సంకేతం అతను ఇవ్వాలి.

డాట్ కామ్ పేరైతే, గడువు దాటిన వెంటనే ఇతరుల పాలు కాకపోవచ్చు. సాధారణంగా కొన్ని రోజుల వెసులుబాటు, దాని తర్వాత ఎక్కువ రుసుముతో విడిపించుకునే 30 రోజుల గడువు ఉంటాయి. కాని వాటిని నమ్ముకుని కూర్చోకండి. కొత్తగా సైటు చేయించుకునేవారు డొమైన్‌ను మాత్రం తమ కార్డుతో, తమ ఈమెయిలుతో, తామే కూర్చుని కొనాలి. చేసిపెట్టేవారికి లోపలికి వచ్చే అనుమతి ఇవ్వవచ్చు కాని తాళం చెవి ఇవ్వకూడదు. సైటు ఈమెయిలు ఆ డొమైన్ మీదే తెరిచి, అదే ఈమెయిలును డొమైన్ ఖాతాకు ఇవ్వడం కూడా తప్పు, పేరు ఆగితే హెచ్చరిక అందే దారీ ఆగుతుంది.

ప్రశ్న: మేము ఒంగోలులో పచ్చళ్లు చేసి అమ్ముతాము. సైటు తయారైంది కాని, ఆన్‌లైన్ చెల్లింపుల కోసం దరఖాస్తు పెడితే ‘పాలసీ పేజీలు లేవు’ అని తిప్పి పంపారు. అవి పక్క సైటు నుంచి కాపీ చేసి పెట్టవచ్చా? క్యాష్ ఆన్ డెలివరీ పెట్టాలా?
– ఇద్దరు అక్కచెల్లెళ్లు, ఒంగోలు

జవాబు: కాపీ చేయకండి. పక్క సైటు ఏ చొక్కాల కొట్టుదో అయితే ‘ఏడు రోజుల్లో తిప్పి పంపవచ్చు’ అని ఉంటుంది. మూత తీసిన గోంగూర సీసాను మీరు వెనక్కి తీసుకుంటారా? రాసిన నియమానికి మీరే కట్టుబడాలి. సీసా పగిలో, నూనె కారిపోయో వస్తే విప్పుతున్నప్పటి వీడియోను ఎన్ని గంటల్లోగా పంపాలి, దానికి డబ్బు తిరిగి ఇస్తారా, ఇంకో సీసా పంపుతారా, ఆర్డరు ఎప్పటిలోగా రద్దు చేసుకోవచ్చు, డబ్బు ఎన్ని రోజులకు తిరిగి జమ అవుతుంది: ఇవి మీరిద్దరూ కూర్చుని నిర్ణయించుకుని మామూలు మాటల్లో రాస్తే అదే పాలసీ. దానితోపాటు డెలివరీ, వ్యక్తిగత వివరాల రక్షణ, నిబంధనలు, సంప్రదింపుల పేజీలు ఉంటే చెల్లింపుల కంపెనీలు సామాన్యంగా సంతృప్తి పడతాయి.

ఇది వారి చాదస్తం మాత్రమే కాదు. వినియోగదారుల రక్షణ కోసం 2020లో వచ్చిన ఈ-కామర్స్ నియమాల ప్రకారం వ్యాపారం అసలు పేరు, చిరునామా, ఫోను, ఈమెయిలు, ఫిర్యాదులు చూసే అధికారి పేరు సైటులో కనిపించాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లోగా తెలియజేయాలి, నెల రోజుల్లోగా పరిష్కరించాలి. అధికారి అంటే భయపడకండి, మీ ఇద్దరిలో ఒకరి పేరే పెట్టుకోవచ్చు. ఆహార భద్రత సంస్థ ఇచ్చే 14 అంకెల నంబరును సీసా మీదా, బిల్లు మీదా ఎలాగూ వేస్తారు కనుక సైటులో కూడా చూపించండి. కొత్తవారికి నమ్మకం కలిగేది అక్కడే.

జీఎస్టీ గురించి మీరు అడగలేదు కాని చెప్పక తప్పదు. మన రాష్ట్రం లోపలే సరుకు అమ్మేవారికి 40 లక్షల టర్నోవరు దాకా రిజిస్ట్రేషన్ అవసరం లేదనే మాట విని చాలామంది ధీమాగా ఉంటారు. రాష్ట్రం దాటి పన్ను పడే సరుకు పంపితే ఆ మినహాయింపు వర్తించదు. 2014 నుంచి హైదరాబాదు కూడా మనకు పొరుగు రాష్ట్రమే కదా! పై ఉత్తరం రాసిన ఉదయగిరి ఆవిడకు చేతివృత్తుల సరుకు కింద 20 లక్షల దాకా వేరే వెసులుబాటు ఉండవచ్చు, పచ్చళ్లకు అది లేదు. సైటు మొదలయ్యే ముందే మీ ఆడిటరుగారిని కలవండి.

చెల్లింపుల్లో యూపీఐని అన్నిటికంటె పైన చూపించండి. బ్యాంకు ఖాతా నుంచి నేరుగా జరిగే యూపీఐ చెల్లింపులపై వ్యాపారి నుంచి వసూలు చేసే రుసుమును 2020 జనవరి నుంచి సున్నా చేశారు, మధ్యనున్న కంపెనీ తన సేవకు వేరేగా ఏమైనా వేస్తుందేమో మాత్రం చూసుకోవాలి. కార్డులకు రెండు శాతం, ఆ రుసుము మీద 18 శాతం జీఎస్టీ అనుకుంటే వెయ్యి రూపాయల ఆర్డరుకు 23 రూపాయల 60 పైసలు పోతాయి. దాన్ని ధరలో ముందే కలుపుకోండి.

క్యాష్ ఆన్ డెలివరీ మాత్రం పచ్చళ్లకు నేను సిఫారసు చేయను. తలుపు తీయక తిరిగొచ్చిన సీసాకు పోవడానికీ రావడానికీ మీరే కట్టుకోవాలి, ఎండల్లో పది రోజులు గోదాముల్లో తిరిగిన పచ్చడిని మళ్లీ ఇంకొకరికి పంపడానికి మీకే మనసొప్పదు. ఖాతాదారుల కోసం తప్పదనుకుంటే పోస్టేజీ మేరకైనా ముందు తీసుకుని, మిగిలినది సరుకు అందినప్పుడు తీసుకునే పద్ధతి పెట్టండి.

ప్రశ్న: మా పుస్తకాల కొట్టు సైటుకు కావలసిన తెలుగు మ్యాటరంతా డీటీపీ వారి చేత టైపు చేయించాను. సైటులో పెడితే అర్థం లేని ఇంగ్లీషు గుర్తులు వస్తున్నాయి. వారు దానినంతా ఫోటోలుగా పెట్టమంటున్నారు. సరేనా?
– ఒక పుస్తక విక్రేత, నెల్లూరు

జవాబు: సరికాదు. అచ్చు పనికి వాడే ‘అను’ వంటి పాత ఫాంట్లలో తెలుగు అక్షరం వెనుక ఉండేది నిజానికి ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల సంకేతమే. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్‌లోనే అది తెలుగులా కనిపిస్తుంది. ఇంటర్నెట్‌కు కావలసింది తెలుగు అక్షరాలకు సొంత సంకేతాలున్న యూనికోడ్. టైపు చేసినదంతా వృథా కాదు, ‘అను’ నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. మార్చాక ఒకసారి ప్రూఫు చూడండి, వత్తులూ అరసున్నలూ అక్కడక్కడ తారుమారవుతాయి. ఫోటోలుగా పెడితే మాత్రం గూగుల్‌లో పుస్తకం పేరు వెతికినవారికి మీ కొట్టు దొరకదు, చూపు లేనివారికి ఫోను చదివి వినిపించదు, ధర మారినప్పుడల్లా మళ్లీ ఫోటో చేయాలి.

ఫాంట్ల కొరత ఇప్పుడు లేదు. మండలి, మల్లన్న, రామభద్ర, నోటో సాన్స్ తెలుగు వంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. రామభద్ర లాంటి లావు ఫాంటును శీర్షికలకు ఉంచి, చదివే మ్యాటరుకు మండలినో నోటోనో వాడండి. మీ డిజైనరు ఇంగ్లీషు సైట్లకు అలవాటుపడినవారైతే పంక్తుల మధ్య ఖాళీ చాలా తక్కువ పెడతారు, అప్పుడు పై పంక్తి వత్తు కింది పంక్తి గుడితో ఢీకొంటుంది. బటన్ల మీదైతే వత్తు సగానికి తెగిపోతుంది. సైటు అప్పగించుకునే ముందు ‘శాస్త్రీయ’, ‘రాష్ట్రం’, ‘కర్తృత్వం’ అనే మూడు మాటలను శీర్షికలోనూ, మ్యాటరులోనూ, ‘కొనండి’ బటన్ మీదా పెట్టించి, రెండు మూడు వేర్వేరు ఫోన్లలో చూసుకోండి. అక్కడ ఏ వత్తు అయినా తెగిందంటే మిగిలిన డబ్బు ఇచ్చే ముందే దిద్దించుకోండి.